పాత సెయిల్ బోటులో కొత్త డీజిల్ ఇంజన్ బిగించుకోవడం ఎలా?

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పట్టడం నేర్చుకున్నవాళ్లకు ఇంజన్‌తో పెద్దగా పరిచయం ఉండదు. అక్కడ పందేలకు దిగే చిన్న బోట్లకు అసలు ఇంజనే ఉండదు. అదే మనిషి అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో స్థిరపడి, చవగ్గా వస్తోందని 1980ల నాటి 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు కొన్నాడనుకోండి. క్యాబిన్ మెట్ల వెనక పెట్టెలో ఒక ముసలి డీజిల్ కూర్చుని ఉంటుంది. రెండు మూడు సీజన్లు సతాయించి, చివరికి అది మొండికేస్తుంది. అప్పుడు దాన్ని తీసి కొత్తది పెట్టడం ఎలాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. స్పానర్ పట్టుకోవడం వచ్చి, ఓపిక ఉంటే ఇందులో ఎక్కువ పని మీరే చేసుకోవచ్చు.

ఉదాహరణకు ఆ కాలపు బోట్లలో తరచూ కనిపించే యాన్మార్ కంపెనీ 2జీఎం20 ఇంజన్ తీసుకుందాం. బోటు బరువు నాలుగున్నర టన్నులు, నీటి గీత దగ్గర (నీటి మట్టం బోటును తాకే చోట) పొడవు 25 అడుగులు. మీది ఇంకో కంపెనీ ఇంజన్ అయినా వరస ఇదే.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ పనిలో కదలనిది షాఫ్ట్. అది బోటు అడుగు నుంచి ఒక కోణంలో బయటకు వెళ్లి ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. ఇంజన్ వెళ్లి ఆ షాఫ్ట్‌కు అమరాలి తప్ప, షాఫ్ట్ వచ్చి ఇంజన్‌కు అమరదు. కొలతలన్నీ ఆ షాఫ్ట్ గీత నుంచే మొదలవుతాయి.

నిజంగా మార్చాలా?

పొగ వస్తోంది, లాగడం లేదు అనగానే కొత్త ఇంజన్ కేటలాగు తెరవకండి. ముందు ఎగ్జాస్ట్‌లోకి నీళ్లు కలిసే మిక్సింగ్ ఎల్బో విప్పి చూడండి. ఏళ్ల తరబడి మసి పేరుకుని దాని రంధ్రం చిటికెన వేలు పట్టనంత సన్నబడితే, మంచి ఇంజన్ కూడా నల్ల పొగ కక్కుతూ చచ్చినట్టే నడుస్తుంది. ఎల్బో మారిస్తే సరిపోయే రోగానికి ఇంజన్ మార్చడం దండగ. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పడిపోయి ఉంటే, ఉప్పునీళ్లు నేరుగా తిరిగే బ్లాకు లోపలి నుంచి తినేసి ఉంటే మాత్రం మార్చడమే మేలు.

ఎన్ని హార్స్‌పవర్?

ఇలాంటి బోటు వేగానికి ఒక హద్దు ఉంది. నీటి గీత పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చేది నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లలో) ఆ హద్దు. మన బోటుకు 5 ఇంటూ 1.34, అంటే 6.7 నాట్లు. ఎంత పెద్ద ఇంజన్ పెట్టినా అంతకు మించి పెద్దగా పోదు. టన్నుకు నాలుగు హార్స్‌పవర్ అన్నది చాలామంది వాడే మోటు లెక్క. దాని ప్రకారం మనకు 18 సరిపోతుంది.

ఇక్కడే చిక్కు. యాన్మార్ కొత్త వరసలో 2వైఎం15 ఇచ్చేది 14 లోపే. ఎదురుగాలిలో, ఎదురు అలల్లో రేవు చేరాలంటే అది చాలదనిపిస్తుంది. 3వైఎం20 సుమారు 21 ఇస్తుంది, కానీ దానికి సిలిండర్ ఒకటి ఎక్కువ, అంటే పొడవూ ఎక్కువే. నేనైతే చోటు పడితే 3వైఎం20 వైపే మొగ్గుతాను. పోతే పోయిందని 30 హార్స్‌పవర్‌కి మాత్రం పోవద్దు. బరువు పడకుండా గంటల తరబడి నెమ్మదిగా తిరిగే డీజిల్‌లో మసి పేరుకుంటుంది, సిలిండర్ గోడలు నున్నబడి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. లంగరు వేసిన చోట బ్యాటరీ చార్జింగ్ కోసం ఖాళీగా తిప్పే అలవాటు ఉన్నవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

బ్రిటన్‌లో తయారయ్యే బీటా మెరీన్ ఇంజన్లను కూడా చూడండి. లోపలిది కుబోటా ఇంజనే. మీ బెడ్ల (ఇంజన్ కాళ్లు కూర్చునే దిమ్మెల) కొలతలు పంపిస్తే దానికి తగ్గ కాళ్లు చేసి ఇస్తారు. అమెరికాలో అటామిక్ 4 అనే పాత పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ పెట్టుకునేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. వాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా: గేర్ తగ్గింపు లేని అటామిక్ 4 ఎడమ చేతి (వెనక నుంచి చూస్తే ఎడమకు తిరిగే) ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. కొత్త డీజిల్ గేర్‌బాక్స్ తిప్పే దిక్కు వేరైతే ప్రొపెల్లర్ కూడా కొత్తది కొనాల్సిందే. గేర్ నిష్పత్తి మారినా అంతే. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఆర్డర్ ఇచ్చే ముందు కొలతలు

పాత ఇంజన్ ఇంకా బోటులో ఉండగానే కొలవాల్సినవి కొన్ని ఉంటాయి. గేర్‌బాక్స్ కప్లింగ్ (గేర్‌బాక్స్‌నీ షాఫ్ట్‌నీ కలిపే బిళ్లల జత) ముఖం నుంచి ముందు మెట్ల పెట్టె వరకు పొడవు, షాఫ్ట్ మధ్య గీత నుంచి బెడ్ల పైభాగానికి ఎత్తు, రెండు బెడ్ల మధ్య వెడల్పు, ఇంజన్ కాళ్ల కింద ఉండే నాలుగు రబ్బరు మౌంట్ల బోల్టుల మధ్య దూరాలు, షాఫ్ట్ వాలు కోణం. కోణానికి ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్ చాలు. కాకపోతే బోటు నేల మీద ముందుకో వెనక్కో వాలి ఉంటే ఆ తేడా తీసేయాలి.

కొత్త ఇంజన్ కంపెనీ ఇచ్చే డ్రాయింగులో కొలతలు రెండు గీతల నుంచి ఉండవచ్చు: ఒకటి క్రాంక్‌షాఫ్ట్ మధ్య, రెండోది గేర్‌బాక్స్ నుంచి బయటకు వచ్చే ఫ్లాంజ్ (కప్లింగ్‌లో గేర్‌బాక్స్ వైపు బిళ్ల) మధ్య. చాలా గేర్‌బాక్సుల్లో ఫ్లాంజ్ క్రాంక్ కంటే కిందకు ఉంటుంది. మీకు కావలసింది ఫ్లాంజ్ మధ్య. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే ఇంజన్ కొన్ని అంగుళాలు పైకో కిందకో పోతుంది, ఆ తప్పు క్రేన్‌కి వేలాడుతున్నప్పుడు గానీ బయటపడదు.

డ్రాయింగ్ చూసి ప్లైవుడ్‌తో ఒక డొల్ల నమూనా చేయండి. ఇంజన్ కాళ్లు, ఫ్లాంజ్, ముందు పుల్లీ, పక్కన పొడుచుకు వచ్చే ఆల్టర్నేటర్, కింద ఆయిల్ సంప్ ఉంటే చాలు, అందంగా ఉండక్కర్లేదు. పాత ఇంజన్ తీశాక దాన్ని లోపల పెట్టి చూడండి. మెట్ల పెట్టె మూసుకుంటుందా? ఆయిల్ కొలిచే పుల్ల చేతికి అందుతుందా? నీటి పంపు ఇంపెల్లర్ (లోపల తిరిగే రబ్బరు చక్రం) మార్చడానికి చెయ్యి దూరుతుందా? అలలు ఎగరేస్తుంటే, తల కిందకు పెట్టి ఇంపెల్లర్ మార్చాల్సి వచ్చేది మీకే.

పాతదాన్ని బయటకు తీయడం

షాఫ్ట్, దాన్ని వెనక బయట పట్టి ఉంచే స్టర్న్ బేరింగ్ పని కూడా ఉంటుంది కాబట్టి బోటును యార్డులో ఒడ్డుకు ఎక్కించాకే మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, డీజిల్ వాల్వు కట్టేయండి, ఆయిల్, నీళ్లు ఖాళీ చేయండి. ప్రతి వైరుకూ పైపుకూ టేపు మీద పేరు రాసి అంటించి, ఫోటోలు తీయండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకునేవి ఏవీ గుర్తుండవు.

కప్లింగ్ షాఫ్ట్‌కు కరుచుకుపోయి ఉంటుంది. సుత్తితో బాదకండి, గేర్‌బాక్స్ బేరింగులు పోతాయి. రెండు ఫ్లాంజులను కాస్త దూరం జరిపి, షాఫ్ట్ కొనకు ఆనేలా మధ్యలో చిన్న సాకెట్ ముక్క పెట్టి, పొడవాటి బోల్టులతో ఫ్లాంజులను సమానంగా బిగిస్తూ పోతే సాకెట్ షాఫ్ట్‌ని వెనక్కి నెట్టి కప్లింగ్‌ని ఊడగొడుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచితే సులువు.

ఈ తరగతి ఇంజన్ గేర్‌బాక్స్‌తో కలిపి 100 నుంచి 150 కిలోల వరకు ఉంటుంది. బీరువాని ఇరుకు మెట్ల మీదుగా దించినంత పని. ఆల్టర్నేటర్, స్టార్టర్, వీలైతే గేర్‌బాక్స్ విప్పేస్తే బరువూ తగ్గుతుంది, తలుపులో పడుతుంది కూడా. బెడ్ల మీద నుంచి క్యాబిన్‌లోకి మందపాటి పలకలు పరిచి వాటి మీద జరపండి. పైకి ఎత్తడానికి యార్డు క్రేన్ దొరికితే అదే మంచిది. బూమ్‌కి (తెరచాప అడుగున అడ్డంగా ఉండే దూలానికి) చైన్ బ్లాక్ కట్టి ఎత్తేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే బూమ్‌ని ఒంటరిగా నమ్మకండి. బరువు వేలాడే చోటుకు సరిగ్గా పైన హాలియార్డ్‌ని (తెరచాప ఎత్తే తాడుని) కట్టి మాస్ట్ (తెరచాప స్తంభం) కొనకు లాగి ఉంచాలి, బూమ్ పక్కలకు ఊగకుండా రెండు వైపులా తాళ్లు కట్టాలి. ఇంజన్ కింద మనిషి ఉండకూడదు, చెయ్యి కూడా ఉండకూడదు.

ఖాళీ అయిన చోటు

ఇంజన్ లేని ఆ గుంట మళ్లీ మీకు ఇరవై ఏళ్ల దాకా కనిపించదు. జిడ్డు కడిగి తెల్లటి ఎపాక్సీ పెయింట్ వేయండి. తర్వాత చుక్క ఆయిల్ కారినా ఆ తెలుపు మీద ఇట్టే కనిపిస్తుంది. స్టర్న్ బేరింగ్, షాఫ్ట్ చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా ఆపే స్టఫింగ్ బాక్స్ రబ్బరు గొట్టం, పాత సీకాక్ (సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే చోటి వాల్వు), డీజిల్ పైపులు ఇప్పుడే మార్చండి. ఇంజన్ బిల్లు చూసి డబ్బు అయిపోయిందనుకుంటాం గానీ ఈ చిల్లర సామాను, యార్డు అద్దె కలిపితే అది కూడా చిన్న మొత్తమేమీ కాదు.

బెడ్లను సుత్తి పిడితో తట్టి చూడండి. గట్టిగా మోగితే సరే. మొద్దుగా శబ్దం వస్తే ఫైబర్‌గ్లాస్ లోపలి కొయ్య కుళ్లినట్టు. పాత బోల్టు రంధ్రాల నుంచి ఆయిలూ నీళ్లూ దిగి అలా అవుతుంది. అలాంటప్పుడు కోసి తీసేసి కొత్తగా కట్టాల్సిందే.

షాఫ్ట్ బయటకు తీసి, బయటి బేరింగ్ మధ్య నుంచి స్టర్న్ ట్యూబ్ (షాఫ్ట్ బయటకు వెళ్లే గొట్టం) మధ్యగా ఒక సన్నటి దారం లాగి, ముందు గోడకు బిగుతుగా కట్టండి. ఆ దారమే మీ షాఫ్ట్ గీత. ట్యూబు రెండు చివర్లలోనూ దారం సరిగ్గా మధ్యలో ఉందో లేదో కొలవండి. ఇప్పుడు ప్లైవుడ్ నమూనాను ఆ దారానికి అమర్చితే, కొత్త మౌంట్లు ఎక్కడ కూర్చోవాలో, బెడ్లు ఎంత పెంచాలో తగ్గించాలో తేలిపోతుంది. పెంచాల్సింది కొద్దిగా అయితే మందపాటి స్టీలు లేదా అల్యూమినియం పలకలు చాలు. ఎక్కువైతే గట్టి కొయ్యనో, ఫైబర్‌గ్లాస్ దిమ్మెలనో ఎపాక్సీతో అతికించి పైన ఫైబర్‌గ్లాస్ పొర వేయాలి. మౌంట్ బోల్టులు కొయ్యలో దిగే స్క్రూలుగా ఉండటం నాకు నచ్చదు. కొన్నేళ్లకు వదులవుతాయి. బెడ్‌లో లోహపు పలక పొదిగి, దానికి మర వేసి బోల్టు బిగించడం మేలు.

కొత్త బెడ్ ఎత్తును లెక్క కంటే ఒక వెంట్రుక తక్కువే ఉంచండి. షిమ్ (పల్చటి రేకు ముక్క) పెట్టి పెంచడం నిమిషాల పని, బెడ్‌ని చెక్కి తగ్గించడం రోజంతా పడుతుంది.

మౌంట్లు

రబ్బరు మౌంట్లలో కూడా రకాలుంటాయి. గట్టిదనం చెప్పే అంకె వాటి మీద ఉంటుంది. ఇంజన్‌కు ఏ మూల ఏది పెట్టాలో మాన్యువల్ చెబుతుంది, నాలుగూ ఒకటే కావాలని లేదు. పాత మౌంట్లు బాగానే ఉన్నాయని వాటినే వాడకండి. డీజిల్ తాగిన రబ్బరు లోపల మెత్తబడిపోయి ఉంటుంది.

ఇంజన్‌ని దించే ముందు నాలుగు మౌంట్ల నట్లనూ ఎత్తు సర్దుబాటుకు మధ్యలో ఉంచండి. అప్పుడు పైకీ కిందకీ సర్దుకునే వీలుంటుంది. ఇంజన్ కాలు మౌంట్ బోల్టు మీద మరీ పైకి పోతే ఇంజన్ ఊగి బోల్టు విరిగే ప్రమాదం ఉంది. ఎత్తు చాలకపోతే మౌంట్ కింద షిమ్ పెట్టాలి గానీ బోల్టు మీద పైకి ఎక్కించకూడదు. నాలుగు కాళ్ల మీదా బరువు సమానంగా పడుతోందో చూడండి. ముందు రెండు మౌంట్లు ఒకేలా, వెనక రెండూ ఒకేలా నొక్కుకోవాలి. ఒక మూల నట్టు చేత్తో తిరిగిపోతోందంటే ఇంజన్ మూడు కాళ్ల మీద నిలబడి ఉన్నట్టు.

దించాక తొందరపడి అలైన్‌మెంట్ (ఇంజన్‌ని షాఫ్ట్ గీతకు కలపడం) మొదలుపెట్టవద్దు. రబ్బరు బరువుకు కుదురుకోవాలి. రెండు రోజులు అలా వదిలేయండి, వైరింగ్ పని ఉండనే ఉంది.

అలైన్‌మెంట్

అన్నిటిలోకి ఓపిక పరీక్షించేది ఇదే. యార్డులో చేసేది కచ్చా అలైన్‌మెంట్ మాత్రమే. ఫైబర్‌గ్లాస్ బోటు స్టాండ్ల మీద ఉన్నప్పుడు ఒక ఆకారంలో, నీళ్లలో ఇంకో ఆకారంలో ఉంటుంది. మాస్ట్ తీగలు బిగించినా కొంచెం వంగుతుంది. అందుకే అసలు అలైన్‌మెంట్ బోటు నీళ్లలో ఒకటి రెండు రోజులు తేలాక, మాస్ట్ నిలబెట్టి తీగలు బిగించాకే చేయాలి. యార్డులో చేసేసి చాలనుకుంటే కొన్ని నెలలకు స్టఫింగ్ బాక్స్ కారుతుంది, గేర్‌బాక్స్ సీలు పోతుంది, బోటంతా అదురుతుంది.

ముందు మధ్యలు కలపండి. లోపల ఆధారం లేని షాఫ్ట్ కొన కప్లింగ్ బరువుకు కిందకు వాలుతుంది. చేత్తో పైకి ఎంత లేస్తుందో, వదిలితే కిందకు ఎంత దిగుతుందో చూసి, ఆ రెండింటి నడుమ చెక్క ముక్కల మీద నిలపండి. ఒక ఫ్లాంజ్ గట్టు రెండోదాని గుంటలోకి బలవంతం లేకుండా, చేత్తో నెట్టగానే దూరాలి. దూరకపోతే ఇంజన్ మొత్తాన్ని పైకో కిందకో, పక్కకో జరపాలి.

తర్వాత ముఖాల మధ్య ఖాళీ. ఫ్లాంజులు దాదాపు తాకేలా తెచ్చి, ఫీలర్ గేజ్‌తో (ఖాళీలు కొలిచే పల్చటి రేకులతో) నాలుగు చోట్ల కొలవండి: పైన, కింద, ఎడమ, కుడి. అతి ఎక్కువ ఖాళీకీ అతి తక్కువ ఖాళీకీ తేడా, కప్లింగ్ వ్యాసంలో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు మించకూడదన్నది అందరూ పాటించే కొలత. నాలుగు అంగుళాల కప్లింగ్‌కు వెయ్యింట నాలుగు వంతులు, అంటే 0.1 మిల్లీమీటరు. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఇంతకంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించండి.

సర్దేటప్పుడు తికమక పడకుండా ఒక సూత్రం: ఖాళీ ఎటువైపు ఉంటే ఇంజన్ ముందు భాగాన్ని అటు జరపాలి. కింద ఖాళీ ఉంటే ముందు మౌంట్లు దించండి, పైన ఉంటే ఎత్తండి. కుడి వైపు ఉంటే ముందు భాగం కుడికి. ప్రతిసారీ నట్టు కొంచెమే తిప్పి మళ్లీ నాలుగు చోట్లా కొలవాలి. కోణం సర్దితే మధ్యలు కాస్త తప్పుతాయి, మధ్యలు సర్దితే కోణం మారుతుంది. అటూ ఇటూ తిరుగుతూనే దగ్గరకు వస్తుంది. చిరాకు పడితే ఒక టీ తాగి రండి.

ఎంతకీ కుదరకపోతే ఇంజన్ వైపు కదపకుండా షాఫ్ట్‌ని మాత్రమే పావు వంతు చొప్పున తిప్పి కొలవండి. పెద్ద ఖాళీ షాఫ్ట్‌తో పాటు తిరుగుతోందంటే తప్పు ఇంజన్‌ది కాదు, షాఫ్ట్ వంగింది లేదా కప్లింగ్ ముఖం వంకర. దాన్ని లేత్ పనివాడి దగ్గర సరిచేయించాలి. ఖాళీ ఉన్నచోటే ఉంటే ఇంజన్‌నే సర్దాలి. మెత్తటి రబ్బరు కప్లింగ్ పెడితే అలైన్‌మెంట్ అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. అది అదురు తగ్గిస్తుంది, వంకర పోగొట్టదు.

ఎగ్జాస్ట్, నీళ్లు

కొత్త ఇంజన్లను కొన్నాళ్లకే చంపేది తరచుగా ఈ పైపులే. ఇంజన్‌ని చల్లబరిచిన సముద్రపు నీళ్లు మిక్సింగ్ ఎల్బోలో పొగతో కలిసి, కిందున్న వాటర్‌లాక్ డబ్బాలోకి దిగి, అక్కడి నుంచి పొగ ఒత్తిడికి పైకెగసి బోటు వెనక నుంచి బయట పడతాయి. ఎల్బో నుంచి డబ్బా వరకు పైపు కిందకే వాలాలి. ఇంజన్ ఆగగానే పైపులో మిగిలిన నీళ్లన్నీ వెనక్కి దిగుతాయి కాబట్టి వాటిని పట్టేంత పెద్ద డబ్బా కావాలి. డబ్బా దాటాక పైపు ఎత్తుగా లేచి మెడలా వంగి బయటకు పోవాలి, లేకపోతే వెనక నుంచి వచ్చే అల లోపలికి తోస్తుంది. పైపు లావు మాన్యువల్ చెప్పినంతే ఉండాలి. పాత సన్నటి పైపు ఉంది కదా అని దానికి కుదించకండి.

నీళ్లు కలిసే చోటు బయటి నీటి మట్టం కంటే కనీసం 15 సెంటీమీటర్లు పైన లేకపోతే, పైపులోకి గాలి వదిలి నీటి ధారను తెంపే యాంటీ సైఫన్ వాల్వు తప్పనిసరి. సెయిల్ బోట్లలో ఇంజన్ లోతుగా కూర్చుంటుంది, కాబట్టి దాదాపు ప్రతి బోటుకూ కావాలి. అది లేకపోతే ఇంజన్ ఆగాక కూడా నీళ్లు సైఫన్ లాగా లోపలికి పారుతూ, డబ్బా నింపి, ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్లలోకి చేరతాయి. వాల్వును బోటు మధ్య గీతకు దగ్గరగా, బోటు ఒరిగినప్పుడు కూడా నీటి మట్టానికి బాగా పైన ఉండేలా పెట్టండి.

దీనికి తోడు ఒక అలవాటు చేసుకోండి. ఇంజన్ స్టార్ట్ కాక పదేపదే స్టార్టర్ తిప్పాల్సి వస్తే, ముందు సీకాక్ కట్టేయండి. స్టార్టర్ తిరుగుతున్నంతసేపూ పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది, వాటిని బయటకు నెట్టే పొగ మాత్రం ఉండదు. స్టార్ట్ కాగానే సీకాక్ తెరవాలి. మరచిపోతారని భయం ఉంటే సీకాక్ కట్టినప్పుడల్లా తాళంచెవికి ఎర్ర గుడ్డ ముక్క కట్టండి.

మిగిలినవి

డీజిల్ ట్యాంకు అడుగున మడ్డి ఉంటే కొత్త ఇంజన్‌కు దాన్ని తాగించకండి, కడిగించండి. ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య నీళ్లను వేరుచేసే గాజు గిన్నె ఫిల్టరు పెట్టండి. ఇంజన్ వాడగా మిగిలిన డీజిల్‌ని తెచ్చే తిరుగు పైపు ట్యాంకులోకే వెళ్లాలి. స్టార్టర్ కేబుల్ లావుగా, పొట్టిగా ఉండాలి. కొత్త ఆల్టర్నేటర్ పెద్దదైతే పాత సన్నటి వైరు దాన్ని మోయదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయని ఇంట్లో అందరికీ చెప్పండి. గేర్ కేబుల్ లాగే దిక్కు కొత్త గేర్‌బాక్స్‌లో తిరగబడి ఉండొచ్చు. బోటు కట్టి ఉండగానే ముందుకు, న్యూట్రల్, వెనక్కి వేసి, షాఫ్ట్ తిరిగే దిక్కు కళ్లతో చూడండి.

మొదటి స్టార్ట్, ఆ తర్వాత

ఆయిల్, కూలెంట్ పోసి, డీజిల్ పైపుల్లో గాలి తీసేసి, స్టార్ట్ చేయగానే బోటు వెనక నీళ్లు పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే వెంటనే ఆపేయాలి. ఆయిల్ ప్రెషర్ దీపం ఆరాలి. పది నిమిషాలు తిప్పి ప్రతి జాయింటూ చేత్తో తడిమి చూడండి.

ప్రొపెల్లర్ సరైనదో కాదో తేల్చేది సముద్రంలోనే. ప్రశాంతమైన నీళ్లలో, అడుగు శుభ్రంగా ఉన్న బోటుతో, వేడెక్కాక నెమ్మదిగా పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. 3వైఎం20 గరిష్ఠ వేగం నిమిషానికి 3600 తిప్పులు. అక్కడి దాకా పోవాలి. 3000 దగ్గర ఆగిపోయి నల్ల పొగ వస్తే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైంది, తగ్గించి తేవాలి. అలాగే వదిలేస్తే ఇంజన్ ఎప్పుడూ మోయలేని బరువుతోనే నడుస్తుంది. సునాయాసంగా 3600కి చేరినా బోటు వేగం అందుకోకపోతే పిచ్ చాలలేదు.

మొదటి గంటల్లో ఇంజన్‌ని గారాబం చేయకండి. ఖాళీగా తిప్పకుండా, ఒకే వేగంలో ఉంచకుండా, బరువు పెడుతూ మారుస్తూ నడపండి. 50 గంటలకు ఆయిల్, ఫిల్టరు మార్చి, వాల్వుల ఖాళీలు చూడండి. అదే రోజు మౌంట్ నట్లు బిగించి, కప్లింగ్ బోల్టులు విప్పి ఫీలర్ గేజ్‌తో నాలుగు చోట్లా మళ్లీ కొలవండి. రబ్బరు అప్పటికి ఇంకొంచెం దిగి ఉంటుంది.